ముడతలు పడని వేళ్ళు

మూడో తెప్ప, పిండే పాక పుస్తకం.
రాసేది నూకరత్నం.

రోజు 1

గుడ్డలు నూట ఎనభై. నీళ్ళు ముప్ఫై ఎనిమిది బిందెలు. ఇక పన్నెండు తెప్పల ఊరంతటికీ ఈ ముప్ఫై ఎనిమిదే దిక్కు. ట్యాంకు ఖాళీ అయిపోయింది.

ఈ పుస్తకంలో గుడ్డల లెక్కా, బిందెల లెక్కా తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. రూలు పెట్టిన మహానుభావులు వచ్చి నాలుగు పూటలు గుడ్డలు పిండితే తెలుస్తుంది, లెక్క ఒక్కటే రాసి ఊరుకోవడం ఎంత కష్టమో. నేను రాస్తాను. నాకు నలభై ఏడేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా మంచు గుడ్డలు పిండుతున్నాను, రాత్రంతా తాళ్ళ మీద పొగమంచు తాగిన గుడ్డల్లోంచి ఊరికి మంచినీళ్ళు తీస్తున్నాను. ఈ పాకకి పెద్దని. ఆ మాత్రం హక్కు నాకుంది.

జరిగింది ఇది. తెల్లవారుజామున తాళ్ళ మీంచి గుడ్డలు దింపి, మొదటి బిందె పిండి, ట్యాంకు దగ్గరికి పట్టుకెళ్తున్నాను. చుట్టూ పొగమంచు. ముందు నడిచే మనిషి కనపడడు. ట్యాంకు అడుగున భళ్ళున నీళ్ళు పడుతున్న చప్పుడు. దగ్గరికెళ్తే వాల్వు చక్రం మీద వంగి, రెండు చేతులా తిప్పుతూ భద్రం బావ! కింద మంచినీళ్ళన్నీ సముద్రంలోకి పోతున్నాయి. పదిహేను రోజుల నీళ్ళు. ఎందరు ఆడవాళ్ళ చేతులు పిండిన నీళ్ళు! నా చేతిలో బిందె జారి పడిపోయింది. నేను అరిచిన అరుపుకి ఊరు ఊరంతా లేచింది.

వీరభద్రం ట్యాంకు కాపలాదారు. నాకు వరసకి బావ. ఇద్దరికీ పడదు. నీళ్ళలో ఒక్క నూలుపోగు కనపడితే చాలు, పది తెప్పలకి వినపడేలా నా పాకని తిడతాడు. అది వేరే సంగతి.

సాయంత్రం సభలో పలక పెట్టారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు పలక మీద ఆనించి, మిగతా రెండూ మడిచి, చెప్పవలసింది చెప్పాలి. లోపల బెదురుంటే చెమట పడుతుంది, పలక ఎర్రబడుతుంది. లేకపోతే తెల్లగా ఉంటుంది. నా పదిహేడో ఏట వచ్చింది ఈ పలక. అంతకుముందు తెప్పకీ తెప్పకీ తగువొస్తే తెప్పల్ని కలిపి కట్టిన తాళ్ళు కోసేసేవాళ్ళు. పిల్లాజెల్లాతో సహా తెప్పలు కొట్టుకుపోయేవి. అందుకే ఊళ్ళో ఉన్న కాస్త కరెంటూ ముందు పలకకి, తర్వాతే దీపాలకి. పిండే మిషనుకి మాత్రం ఎప్పుడూ ఉండదు.

"ఏం చూశావమ్మాయ్?" అన్నాడు పలకపెద్ద కోదండం బాబాయ్.

"భద్రం బావ వాల్వు విప్పుతుంటే చూశాను బాబాయ్."

పలక పాలలా తెల్లగా ఉంది.

"మూస్తున్నానయ్యా బాబూ! చప్పుడు విని పరిగెత్తుకొచ్చి మూస్తున్నాను!" అన్నాడు బావ. ఆయన వేళ్ళ కింద పలక ఎర్రగా కందిపోయింది. ఎప్పుడూ అంతే. చిన్నప్పటి నుంచీ ఆయన్ని తడిచేతుల భద్రం అనే పిలుస్తారు.

మా పిండేవాళ్ళ సంగతి వేరు. ఊళ్ళో ఏ తగువొచ్చినా ముందు మమ్మల్నే సాక్ష్యానికి పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళలో మాలో ఒక్కళ్ళ వేళ్ళ కిందా పలక ఎర్రబడలేదు. మా అమ్మ అయితే పెద్దసాక్షి అనే పిలిపించుకుంది.

తీర్పు అయింది. ఉప్పుగట్టు. సముద్రం మధ్య ఇసుకతిన్నె మీద ఒంటరిగా ఉప్పు గీసుకుంటూ బతకాలి. పదో రోజున పడవ. ఈ తుఫాన్ల కాలంలో అక్కడికి పంపిన మనిషి తిరిగి రావడం అనేది లేదు. పద్దెనిమిదేళ్ళ క్రితం కోదండం బాబాయ్ సొంత తమ్ముడు సన్యాసిని కూడా ఇలాగే పంపారు. తిండిగింజల గదిలో దొంగతనం. సాక్ష్యం మా అమ్మది. కాదన్న సన్యాసి వేళ్ళ కింద పలక ఎర్రబడింది. సన్యాసి రాలేదు. తోడబుట్టినవాడని కూడా చూడలేదని కోదండం బాబాయ్‌ని ఊరు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఒక్క సంగతి మాత్రం రాసి పుస్తకం మూస్తాను. "విప్పుతుంటే" అనే మాట నోట్లోంచి వచ్చేముందు నేను కాస్త ఆగాను. తిప్పుతున్నాడు, అది చూశాను. ఎటు తిప్పుతున్నాడు? కానీ పలక తెల్లగా ఉంది. పలకకే లేని అనుమానం నాకెందుకు?

రోజు 2

గుడ్డలు నూట ఎనభై. బిందెలు ముప్ఫై ఒకటి. మంచు పలచగా పడింది.

చేతులు మండుతున్నాయి. మండటమంటే నిప్పు కాదు, చీమలు. బొటనవేలి నుంచి నడిమివేలి దాకా చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. విదిలిస్తే కాసేపు పోతుంది, మళ్ళీ వస్తుంది. రెండేళ్ళుగా ఉన్నదే, ఈ మధ్య ఎక్కువైంది. పొద్దున చలికి ఆ మూడు వేళ్ళూ తెల్లగా పాలిపోయాయి. ఈ పుస్తకం పేజీ తిప్పాలంటే వేలు నాలికకి అద్దుకోవాలి. అంత పొడిబారిపోయాయి.

పన్లో మా లోవ నా చెయ్యి పట్టుకుని చూసి ఒకటే నవ్వు. లోవకుమారి పాకలో చేరి మూడేళ్ళయింది. దానికి నోరు ఎక్కువ.

"చూడండర్రా! పొద్దుట్నుంచీ నీళ్ళలో నానిన నా వేళ్ళేమో ఎండు ఖర్జూరాలు. అక్క వేళ్ళు చూడండి, పెళ్ళికూతురి వేళ్ళు! ఏం రాస్తున్నావక్కా, నాకూ కాస్త చెప్పొచ్చుగా?"

"ఒసేయ్, పని చూడు. మా వంశమే అంత. మా అమ్మకి పోయేదాకా వేళ్ళు నున్నగానే ఉండేవి."

అన్నానే గానీ లోపల ఎంత గర్వపడ్డానో! ఆ గర్వం మధ్యాహ్నానికే దిగింది. భద్రం బావ భార్య తాయారక్క నీళ్ళకి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చెంబు నింపి ఇస్తుంటే నా చేతిలోంచి జారింది. మూడు గుటకల నీళ్ళు చెక్కల మీద పడ్డాయి. ఇద్దరం వంగి చూస్తూ ఉండిపోయాం.

"ఎందుకు చేశాడో తెలీదు రత్నం," అంది. "నేను మాట్లాడ్డం మానేశాను. పలక అబద్ధం చెప్పదు కదా."

నేను చెంబు మళ్ళీ నింపి ఇచ్చాను.

రోజు 4

గుడ్డలు నూట అరవై.

నూట అరవై. సరిగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఇందాక పని దిగేటప్పుడు నూట ఎనభై అని పలక మీద చెప్పాను.

కావాలని కాదు. రోజూ పని దిగే ముందు పాక గుమ్మంలో ఉన్న చిన్న పలక మీద లెక్క చెప్పాలి. చేతులు సహకరించక ఇరవై గుడ్డలు పిండకుండానే వదిలేశాను. అలవాటు కొద్దీ నోటి నుంచి "నూట ఎనభై" వచ్చేసింది. ఎర్రబడుతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే తెల్లగా ఉంది.

అందరూ వెళ్ళేదాకా ఆగాను. మళ్ళీ పెట్టాను.

"నా పేరు లోవకుమారి."

తెలుపు.

"నేను ఇవాళ ఒక్క గుడ్డా పిండలేదు."

తెలుపు. ఎడమ చెయ్యి పలక మీద పెట్టడం తప్పు. అదీ పెట్టాను. అదీ తెలుపే. ఒళ్ళంతా చెమట, జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. వేళ్ళు మాత్రం ఎండు చేపల్లా ఉన్నాయి.

అప్పటి నుంచీ కూర్చోలేకపోతున్నాను. తెప్ప ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో! లోవ "ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా?" అంది. దాన్ని కసిరాను, పాపం. నా పలక ఏ మాటకైనా తెల్లగానే ఉంటుందంటే, మొన్న సభలో నేను చెప్పిన మాట సంగతేంటి? ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని పలకని చూసి మింగేశాను. ఛీ.

రోజు 5

బిందెలు ఇరవై తొమ్మిది. మనిషికి రోజుకి నాలుగు గ్లాసులే ఇస్తున్నారు.

భద్రం బావని తాళ్ళ గదిలో ఉంచారు. వెళ్ళాను. నన్ను చూడగానే మొహం అటు తిప్పుకున్నాడు.

"ఏం, చచ్చానో లేదో చూద్దామని వచ్చావా?"

"బావా, ఆ రోజు నువ్వు చక్రం ఎటు తిప్పావు?"

గిరుక్కున ఇటు తిరిగాడు. "అది నన్నడుగుతావేంటే! నువ్వు చూశావుగా! ఊరందరి ముందూ చెప్పావుగా! ఎటు తిప్పాను? చెప్పు!"

నేను మూలనున్న తాళ్ళ చుట్టల వైపు చూశాను.

"తెలీదు కదూ? తెలీకుండానే చెప్పేశావు. నీ నోటికి నా తల ఇచ్చుకోవాలన్నమాట." తర్వాత మెల్లగా అడిగాడు. "అంతకుముందు సాయంత్రం వాల్వు కాస్త విప్పి ట్యాంకు అడుగున మడ్డి కడిగింది మీ పాకవాళ్ళే కదా? కడిగాక వాల్వు మూసింది ఎవరు?"

"నేనే. మూశాను."

"ఎన్ని చుట్లు?"

"ఎప్పుడూ తిప్పినన్ని. బిగుసుకునేదాకా."

"పదకొండు చుట్లు తేలిగ్గా తిరుగుతుంది. పన్నెండోది సగంలో గట్టిపడుతుంది. ఆ సగం బిగించకపోతే నీళ్ళ బరువుకి చక్రం దానంతటదే వెనక్కి వదులవుతుంది. గట్టిపడింది లేందీ కంటికి తెలీదు రత్నం. చేతికే తెలుస్తుంది. నీ చేతికి తెలిసిందా?"

"నా పని నాకు నేర్పక్కర్లేదు!" అని అరిచి వచ్చేశాను. వచ్చేటప్పుడు రెండు చేతులూ కొంగులో దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో అప్పుడు నాకే తెలియదు.

రోజు 6

డాక్టరమ్మ పడవ వచ్చింది. జమీలా డాక్టరమ్మ పదిహేను రోజులకోసారి వస్తుంది, ఒక్క రోజు ఉంటుంది. పళ్ళ నొప్పులవాళ్ళూ, బాలింతలూ అందరూ అయ్యాక వెళ్ళి చేతులు చాపాను. మణికట్టు మీద వేలితో టకటకా కొట్టింది. నడిమివేలి చివరిదాకా జివ్వుమంది. బొటనవేలి కింద కండ నొక్కి చూసి, "ఇక్కడ కండ ఉండాలమ్మా, ఏది?" అంది. నిజమే, గుంట పడింది. నేనెప్పుడూ చూసుకోలేదు.

తర్వాత గోరువెచ్చని నీళ్ళ గిన్నె తెచ్చి చెయ్యి ముంచమంది. వేలు ముంచితే ఓర్చుకునేంత వేడి. అరగంట. నాకు అరగంట కూర్చోవడమే పెద్ద శిక్ష. లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

తీసి చూశాం. చిటికెన వేలు ముడతలు పడి ముసలమ్మ మొహంలా ఉంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నున్నగా, ఏమీ జరగనట్టు ఉన్నాయి.

"నానితే వేళ్ళు ముడతలు పడాలి. పడేట్టు చేసేది నరమే," అంది. "మణికట్టులో ఒక ఇరుకు దారి ఉంది. అందులోంచే ఈ వేళ్ళకి నరం పోతుంది. ఏళ్ళ తరబడి పిండి పిండి ఆ దారి వాచి, నరాన్ని నొక్కేస్తోంది. తిమ్మిరీ మంటా అందుకే. పట్టు జారడం అందుకే."

"మరి చెమట?"

"చెమటకి కబురు మోసే సన్నటి పోగులు కూడా ఆ నరంలోనే ఉంటాయి. రక్తనాళాలకి కబురు మోసేవీ అవే. అందుకే ఈ మూడూ పొడిబారాయి, చలికి పాలిపోతున్నాయి. నువ్వు హడలి చచ్చినా ఆ సంగతి ఈ మూడు వేళ్ళకి చేరదు."

"చిటికెన వేలికి?"

"దాని నరం వేరు. అది వచ్చే దారీ వేరు."

బయట లోవ ఎవరితోనో గట్టిగా నవ్వుతోంది. నేను చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. నా వేళ్ళకి భయం చేరదు. బిగువూ చేరదు. పన్నెండో చుట్టు సగంలో చక్రం గట్టిపడిందో లేదో వీటికేం తెలుసు?

"బాగవుతుందా డాక్టరమ్మా?"

"చిన్న కోత కోసి ఆ దారి వదులు చెయ్యచ్చు. మంట తగ్గుతుంది. బలం, చెమట ఎంతవరకు తిరిగొస్తాయో ముందే మాటివ్వలేను. వచ్చేసారి కత్తి తెస్తాను. ఈలోపు పిండకు."

పిండకు అట! నాకు నవ్వొచ్చింది, నవ్వలేక ఏడ్చాను.

రోజు 7

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని కోదండం బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన పలక గది తుడుచుకుంటున్నాడు. ఆ గది ఇంకెవర్నీ తుడవనివ్వడు. చెప్పుకుంటూ పోయాను. నరం, చెమట, నూట అరవై గుడ్డలు, అన్నీ. ఆయన గుడ్డ పిండి తీగ మీద వేశాడు.

"ఇది నీ ఒక్కదానికేనా?"

"ఏమో బాబాయ్. పిండేవాళ్ళందరికీ చేతులు తిమ్మిరే. అందరం అదేదో మామూలే అనుకుంటాం."

ఆయన చేతులు ఆగిపోయాయి. నాకప్పుడు తట్టింది ఏం మాట అన్నానో.

"మీ అమ్మ ఈ పలక మీదే చెప్పింది," అన్నాడు. అంతే. చీటీ తీసుకోలేదు. "పలక తెల్లబడ్డాక కాగితాలు చూసే ఆచారం లేదమ్మాయ్. ఇంటికెళ్ళు."

రోజు 8

బిందెలు ఇరవై ఆరు. అన్నం సగం ఉడికించి తిన్నాం, నీళ్ళు చాలక.

ఏం చెయ్యాలో తోచడం లేదు. ఊరుకుంటే నా పేరు చెక్కు చెదరదు. పెద్దసాక్షి కూతురు, పాకపెద్ద నూకరత్నం. ఎల్లుండి పడవ వెళ్ళిపోతుంది. ఆయన మీద నాకెప్పుడూ కోపమే కదా, పోతే పోనీ అని ఒకసారి అనుకున్నాను కూడా. అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. తింటున్న అన్నం వదిలేశాను. లేచి వెళ్ళి సభ గంట కొట్టి, రేపు పొద్దున్నే పలక పెట్టాలని అడిగాను. సాక్షి అడిగితే కాదనడానికి లేదు.

రోజు 9

గుడ్డలు పిండలేదు. పాకలో పని ఎప్పుడూ ఇలా ఆగలేదు. అందరూ సభకి వచ్చారు.

భద్రం బావని కూడా తెచ్చారు. తాయారక్క దూరంగా నిలబడింది. నేను మూడు వేళ్ళూ పలక మీద ఆనించాను.

"బావ వాల్వు విప్పడం నేను చూడలేదు."

తెలుపు. జనంలో గుసగుస. "మొన్న చూశానన్నా తెలుపే, ఇవాళ చూడలేదన్నా తెలుపేనా?" అని ఎవరో అన్నారు.

"ఇంకా వినండి. నేను మగాణ్ణి. నాకు నలుగురు పెళ్ళాలు. ఈ సముద్రం పంచదార పానకం!"

పలక తెల్లగానే ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను చెయ్యి ఎత్తి చూపించాను. నరం సంగతి నాకు అర్థమైనంత చెప్పాను. "ఈ వేళ్ళు చచ్చిపోయాయి. నా మాట మీద మనిషిని పంపకండి."

కోదండం బాబాయ్ లేచాడు. మొహం బూడిదలా ఉంది.

"సరే. నీ చెయ్యి చెడింది. నీ సాక్ష్యం కొట్టేశాం. కానీ మూస్తున్నానని వీరభద్రం చెప్పినప్పుడు పలక ఎర్రబడింది. ఆ ఎరుపు అలాగే ఉంది. వాల్వు విప్పిన మనిషి ఇంకొకరు లేరు. పడవ రేపు వెళ్తుంది."

దేవుడా! ఇంత చేసీ ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చాను. బావ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. అదే నన్ను తినేసింది.

"ఇంకొకరు ఉన్నారు," అన్నాను. "నేనున్నాను."

మడిచిన చిటికెన వేలు విప్పాను. మిగతా నాలుగూ మడిచి, ఆ ఒక్కటీ పలక మీద పెట్టాను. పెద్దవాళ్ళు "అయ్యో, అదేం పని, తప్పు తప్పు" అన్నారు. కోదండం బాబాయ్ చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. ఎందుకు ఆపాడో నాకిప్పటికీ తెలియదు. ఆపకపోతే ఈ పేజీ వేరేలా ఉండేది.

"ముందు నీ పేరు చెప్పు," అన్నాడు.

"నూకరత్నం."

తెలుపు.

"ఒక అబద్ధం చెప్పు."

"ఈ సముద్రం పంచదార పానకం." ఇందాక పలక తెల్లగా ఒప్పుకున్న మాటే. వేలి కింద పలక గులాబీ రంగు తిరిగి ఎర్రబడింది. ముప్ఫై ఏళ్ళలో పిండే మనిషి వేలి కింద పలక ఎర్రబడటం ఊరు చూడటం అదే మొదలు.

"బావ వాల్వు విప్పుతుంటే చూశాను."

ఎరుపు.

ఇక ఒక్కటే మిగిలింది. అది చెప్పడమే కష్టం. ఎందుకంటే దానికి జవాబు నాకూ తెలియదు. తొమ్మిది రోజులుగా తెలుసుకోకుండా తిరుగుతున్నాను.

"ఆ సాయంత్రం నేను వాల్వు గట్టిగా బిగించాను."

పలక నెత్తురులా ఎర్రబడింది. నా వేలు చివర చెమట బొట్టు తేలి, జారి పలక మీద పడింది. అందరూ చూశారు. నేనూ చూశాను. ఆ సాయంత్రం చేతులు విదిలించుకుంటూ, ఇంటికెళ్ళే తొందరలో, బిగిసే ఉంటుందిలే అని వదిలేసిన చక్రం అప్పుడు కళ్ళకి కట్టింది.

"నేనే," అన్నాను. "పంపితే నన్ను పంపండి."

రోజు 10

పడవ ఖాళీగా వెళ్ళింది.

నన్ను పంపలేదు. చెయ్యి చెడిన సంగతి తెలిసి చేసింది కాదు కాబట్టి ఉప్పుగట్టు వద్దన్నారు. పాకపెద్దగా తీసేశారు. ఏడాదిపాటు నా నీళ్ళలో సగం ట్యాంకుకి. న్యాయమే. తక్కువే. లోవని పాకపెద్దని చేశారు, దానికి రాయడం సరిగ్గా రాదు గనక పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది.

సాయంత్రం భద్రం బావ వచ్చాడు. క్షమించమని అడగాలని రోజంతా మాటలు కూర్చుకున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"పది రోజులు తాయారు నాతో మాట్లాడలేదు," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళ కాపురం. నా మాట నమ్మలేదు, పలకని నమ్మింది. ఇవాళ కాళ్ళ మీద పడి ఏడుస్తోంది. ఏం చేసుకోను ఆ ఏడుపు? నిన్ను క్షమించానని అనలేను రత్నం. నోరు రావడం లేదు."

"అనొద్దు బావా."

తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచినా మళ్ళీ తడే. "అయినా అదేం పానకమే, నలుగురు పెళ్ళాలేంటి? ఆ మాటకి నవ్వాపుకోలేక చచ్చాను," అన్నాడు. నవ్వలేదు మాత్రం. వెళ్ళిపోయాడు.

రోజు 12

గుడ్డలు నూట ఎనభై, నేను పిండలేదు. బిందెలు నలభై.

పని దిగాక లోవ పాక మధ్యలో పెద్ద తొట్టి పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసింది. తాగే నీళ్ళు కాదు, ఉప్పునీళ్ళే. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు. ఇరవై రెండు మందీ చుట్టూ కూర్చుని కుడిచేతులు ముంచారు. అరగంట నేను వెనక గోడకీ తొట్టికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

తీశారు. లోవవి అయిదు వేళ్ళూ ముడతలు పడ్డాయి. తర్వాత ఇద్దరు చిన్నవాళ్ళవి. మిగతా పంతొమ్మిది చేతుల్లో చిటికెన వేళ్ళు మాత్రమే. కొందరు వెంటనే చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకున్నారు. వాళ్ళలో ఏడుగురు సాక్ష్యం చెప్పినవాళ్ళు. ఎవరి మీద ఏం చెప్పారో వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు.

కోదండం బాబాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు. పలక తేలేదు. వట్టి చేతులతో వచ్చాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, మీ అమ్మ వేళ్ళు నానితే ముడతలు పడేవా?"

ఆయనకి అరవై ఆరేళ్ళు. గుర్తు లేదు బాబాయ్ అంటే చాలు. ఎవరూ తప్పు పట్టరు. అడిగేది పలక మీద కూడా కాదు. ఆయన ఇంటికెళ్ళి ఇంత అన్నం తిని పడుకుంటాడు. మడిచి పట్టుకున్న నా చిటికెన వేలు అరచేతిలో తడిసిపోతోంది.

"లేదు బాబాయ్. మా అమ్మ వేళ్ళు నున్నగా ఉండేవి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ."

ఆయన తలూపాడు. లోవ పీట జరిపితే కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మడిచి, అదే తొట్టిలో తన చెయ్యి ముంచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ అరగంట కూర్చున్నాం అందరం.

ఆయన వేళ్ళు అయిదూ ముడతలు పడ్డాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "సన్యాసి చేతులు కూడా తడి చేతులే," అన్నాడు.